కేప్రోబ్ మాడ్యూల్ తీసేయగానే సిస్టమ్ బిగుసుకుపోతోందా? మిర్యాలగూడ కాంటా దగ్గర నాకు జరిగింది

లినక్స్ కెర్నల్‌లో (సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రాం) ఏదైనా ఫంక్షన్ నడిచినప్పుడల్లా మన కోడ్ కూడా నడిచేలా తగిలించేదే కేప్రోబ్. దాన్ని మాడ్యూల్‌గా, అంటే నడుస్తున్న కెర్నల్‌కు జోడించే కోడ్‌గా, రాస్తూ మీ ప్రశ్నలో మీరు రెండు ఇబ్బందులు రాశారు. ఇన్స్‌మాడ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) చేస్తే 'ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అని రావడం ఒకటి, ఎలాగో ఎక్కించాక ఆర్ఎమ్‌మాడ్ (దించే కమాండ్) చేస్తే లాప్‌టాప్ బిగుసుకుపోవడం రెండోది. మొదటిది చిన్నదే. నడుస్తున్న కెర్నల్ ఒక వెర్షన్, మీరు బిల్డ్‌కు వాడిన హెడర్లు (మాడ్యూల్ బిల్డ్‌కు కావాల్సిన కెర్నల్ ఫైళ్లు) ఇంకో వెర్షన్ అయి ఉంటాయి. యూనేమ్ కమాండ్ చూపించే వెర్షన్‌కే హెడర్లు వేసుకుని, మేక్ క్లీన్‌తో పాత బిల్డ్ తుడిచేసి మళ్లీ బిల్డ్ చేయండి.

రెండోది నేను అనుభవించిందే. మిర్యాలగూడలో మా మేనమామకు రైస్ మిల్లు ఉంది. అక్కడి కాంటా కంప్యూటర్‌లో లినక్స్ నడుస్తుంది. ఒక యాసంగిలో తూకం చీటీ సేవ్ చేసేటప్పుడల్లా ప్రోగ్రాం కొన్ని సెకన్లు ఆగిపోయేది. వడ్ల లారీలు రోడ్డు దాకా నిలబడేవి. అందరూ కాంటా నుంచి వచ్చే సీరియల్ కేబుల్‌నే అనుమానించారు. నాకు డిస్క్ మీద అనుమానం. ఫైల్‌ను డిస్క్‌లోకి రాయించే (సింక్ చేసే) ఈఎక్స్‌టీ4_సింక్_ఫైల్ అనే కెర్నల్ ఫంక్షన్ మీద కేరెట్‌ప్రోబ్ అనే ఒక రకం కేప్రోబ్ పెట్టాను. ఫంక్షన్ మొదలైనప్పుడు టైమ్ రాసుకుని, తిరిగొచ్చేటప్పుడు తేడా చూడటమే దాని పని.

మాడ్యూల్ బాగానే ఎక్కింది. కానీ మాడ్యూల్ దిగేటప్పుడు నడిచే ఎగ్జిట్ ఫంక్షన్‌లో ప్రోబ్‌ను అన్‌రిజిస్టర్ చేయడం, అంటే తీసేయడం, మరిచిపోయాను. ఆర్ఎమ్‌మాడ్ చేస్తే మాడ్యూల్ మెమరీ పోతుంది. కెర్నల్ ఫంక్షన్ మొదట్లో మన కోడ్‌కు దారి మళ్లించేలా పెట్టిన బ్రేక్‌పాయింట్ మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత ఏ ఫైల్ సింక్ అయినా కెర్నల్ ఇప్పుడు మెమరీలో లేని హ్యాండ్లర్‌లోకి (ప్రోబ్ తగిలినప్పుడు నడవాల్సిన మన కోడ్) దూకుతుంది. అక్కడితో సిస్టమ్ పడిపోయింది. మామ గుమ్మంలో నిలబడి "ఏమైందిరా, లారీలన్నీ ఆగినయ్" అన్నాడు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మీ కోడ్‌లో ముందు చూడాల్సింది ఎగ్జిట్ ఫంక్షనే.

అది సరిచేశాక, మొదట వర్చువల్ మెషీన్‌లో పదిసార్లు ఎక్కించి దించి, అప్పుడు మిల్లులో పెట్టాను. కొన్ని సింక్‌లు రెండు మూడు సెకన్లు తీసుకుంటున్నాయని తేలింది. హార్డ్ డిస్క్ పోయే దశలో ఉంది. మార్చాం, చీటీ వెంటనే రావడం మొదలైంది.

హ్యాండ్లర్‌లో నిద్రపోయే పని ఏదీ పెట్టకండి. మ్యూటెక్స్ (తాళం కోసం ఆగేది) వద్దు, ఎమ్‌స్లీప్ (కాసేపు ఆపేది) వద్దు. కెర్నల్ లాగ్‌లో రాసే ప్రింట్‌కే కూడా వద్దు, ఎందుకంటే ఆ లాగ్ చివరికి మీరు కొలుస్తున్న డిస్క్‌లోకే వెళ్లి కొలతనే చెడగొడుతుంది. దాని బదులు ట్రేస్_ప్రింట్‌కే వాడితే అంతా మెమరీ బఫర్‌లో ఉంటుంది. అది వాడితే డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్ చూపించే కమాండ్) పెద్ద హెచ్చరిక డబ్బా కనిపిస్తుంది, అది చూసి భయపడకండి. స్టాటిక్ ఫంక్షన్ (ఒక్క ఫైల్‌లోపలే వాడేది) మీద ప్రోబ్ పట్టకపోతే, కంపైలర్ దాన్ని ఇన్‌లైన్ చేసేసి, అంటే పిలిచిన చోటే కలిపేసి, ఉండవచ్చు. కాల్‌సిమ్స్‌లో (కెర్నల్ ఫంక్షన్ల పేర్ల జాబితా) పేరుందో లేదో చూసుకోండి.

నేర్చుకోవడానికి రాస్తుంటే మాడ్యూలే రాయండి, చాలా అర్థమవుతుంది. సమస్య ఎక్కడుందో కనుక్కోవడమే పని అయితే ముందు ఎఫ్‌ట్రేస్ అనే, కెర్నల్ ఫంక్షన్లను గమనించే సాధనం చూడండి. 2008లో 2.6.27 వెర్షన్ నుంచి అది కెర్నల్‌లోనే ఉంది. దాని ఫంక్షన్ గ్రాఫ్ ట్రేసర్ ఒక్కో ఫంక్షన్ ఎంతసేపు నడిచిందో ఏ మాడ్యూల్ లేకుండానే చూపిస్తుంది. ఆ రోజు నాకది తెలిసుంటే మిల్లు కంప్యూటర్‌లో మాడ్యూల్ ఎక్కించేవాడినే కాదు.

మీ ఎగ్జిట్ ఫంక్షన్ కోడ్ కూడా పెట్టండి, చూసి చెబుతాను.