బడిలో ఆ పాఠాలు చెబితే పిల్లలు పాడైపోతారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి చదువుతోంది. ఒంట్లో ఎదుగుదల మొదలైంది గానీ ఇంకా పెద్దమనిషి కాలేదు. అప్పుడప్పుడు లోదుస్తులకు తెల్లగా అంటుతోంది. శరీరంలో వచ్చే మార్పులు, స్నేహాలు, లైంగిక ఆరోగ్యం గురించి ఆరో తరగతి నుంచి పాఠాలు చెబుతామని, తల్లిదండ్రుల సంతకం కావాలని బడి నుంచి కాగితం వచ్చింది. ‘తెలియని పిల్లకు చెప్పి మరీ పాడుచేసుకోవడం ఎందుకు’ అని మా అత్తగారు అంటున్నారు. మావారు ఎటూ తేల్చడం లేదు. సంతకం పెట్టమంటారా? తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి కూడా ఉన్నాడు, వాడితో ఏ ఇబ్బందీ లేదు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, సంతకం పెట్టండి. అయితే మీ అత్తగారి మాటను తీసిపారేయకండి. ఆవిడ అడిగిన ప్రశ్ననే ప్రపంచంలో చాలా దేశాలు అడిగి, పరిశీలించి చూశాయి. యునెస్కో 2018లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాలు వివిధ దేశాల అధ్యయనాలను సమీక్షించి, ఇలాంటి చదువు వల్ల పిల్లలు లైంగిక సంబంధాలకు తొందరపడరని స్పష్టంగా చెప్పాయి. సరిగ్గా చెప్పిన చోట పిల్లల అవగాహన పెరిగింది, కొన్ని చోట్ల వాళ్లు ఆ అనుభవాన్ని వాయిదా వేసుకున్నారు కూడా.

మీ ఇంట్లో జరుగుతున్న వాదనే మన దేశంలోనూ చాలాకాలంగా నడుస్తోంది. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమాన్ని తెచ్చినప్పుడు, 2007 నాటికి కర్ణాటక సహా పలు రాష్ట్రాలు అది తమకు వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దనే చెప్పింది. ఆ తర్వాత ఆలోచన మారుతూ వచ్చింది. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో పునరుత్పత్తి ఆరోగ్యానికీ చోటిచ్చారు. పిల్లల అశ్లీల దృశ్యాలకు సంబంధించి మద్రాసు హైకోర్టు నుంచి వచ్చిన కేసులో 2024లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు సమగ్ర లైంగిక విద్య అవసరాన్ని నొక్కి చెప్పింది.

ఇక మీ అమ్మాయి విషయానికి వస్తాను. ఆడపిల్లల్లో యౌవన లక్షణాలు ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఎప్పుడైనా కనిపించవచ్చు. రొమ్ములు ఎదగడం మొదలైన రెండు, రెండున్నరేళ్లకు సాధారణంగా మొదటి నెలసరి వస్తుంది. దానికి కొన్ని నెలల ముందు నుంచి, మీరు చెప్పినట్టు, తెల్లగా అంటడం సహజమే. దుర్వాసన, దురద, మంట, నొప్పి వంటివి ఉంటేనే వైద్యులకు చూపించండి. అంటే ఆరో తరగతిలో ఈ పాఠం తొందరేమీ కాదు, మీ అమ్మాయికి సరిగ్గా సమయానికే అందుతోంది. మొదటిసారి రక్తం చూసి, తనకేదో పెద్ద రోగం వచ్చిందనుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఏడ్చిన పిల్లలను నేను చూశాను. పెద్దమనిషి అయిందని బంధువులందరినీ పిలిచి పేరంటం చేసి, ఆ పిల్లకు మాత్రం తన ఒంట్లో ఏం జరిగిందో చెప్పని ఇళ్లనూ చూశాను. వేడుక తప్పని నేను అనను. ఆ పీట మీద కూర్చున్న పిల్లకు విషయం తెలిసి ఉండాలంటాను.

బెంగళూరులో పెరిగే మన తెలుగు పిల్లల విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి మరొకటి ఉంది. వీళ్లు బడిలో ఇంగ్లీషులో చదువుతారు, ఆటల్లో కన్నడ, హిందీ మాట్లాడతారు, అన్నానికీ అలకకూ అమ్మతో గారాలకూ తెలుగు వాడతారు. కానీ ఒంటి గురించి చెప్పాల్సి వస్తే వాళ్ల దగ్గర తెలుగు మాట ఉండదు. నొప్పి ఎక్కడని పిల్లను అడిగితే ‘అక్కడ’ అంటుంది, తల్లిని అడిగితే గొంతు తగ్గించి ‘ప్రైవేట్ పార్ట్’ అంటుంది. చెయ్యికీ చెవికీ పేరున్న ఇంట్లో ఆ అవయవానికి మాత్రం పేరు లేదంటే, అక్కడ ఏం జరిగినా ఈ ఇంట్లో చెప్పకూడదని పిల్ల అర్థం చేసుకుంటుంది. బడి ఇంగ్లీషులో ఎంత బాగా చెప్పినా ఈ లోటును తీర్చలేదు. యోని, పురుషాంగం, వృషణాలు, నెలసరి అనే మాటలను మామూలు గొంతుతో పలకడం మీరూ అలవాటు చేసుకోవాలి. మొదట నాలుక తడబడుతుంది. మూడోసారికి ఆ తడబాటు ఉండదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించి 2007లో వెలువరించిన అధ్యయనంలో 53 శాతం మంది పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్టు తేలింది. వారిలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవారిలో చాలామంది పిల్లలకు బాగా తెలిసినవారే, అందువల్ల ‘కొత్తవాళ్లతో మాట్లాడకు’ అన్న హెచ్చరిక ఒక్కటే సరిపోదు.

అందుకే మీ అబ్బాయి గురించి ఒకే ఒక్క వాక్యం రాయడం నాకు ఆందోళన కలిగించింది. వాడు అడగడం లేదు కాబట్టి ఇబ్బంది లేదని మీరు అనుకుంటున్నారు. ఆ వయసు మగపిల్లలు ఇంట్లో అడగరు. స్నేహితులను అడుగుతారు, లేదంటే ఫోనులో వెతుకుతారు, అక్కడ కనిపించే అశ్లీల వీడియోలే నిజమైన సంబంధమనుకుంటారు. నిద్రలో స్ఖలనం జరిగితే ధాతువు పోతోందని, బలం క్షీణిస్తోందని భయపడి, గోడల మీది ప్రకటనలు చూసి రహస్యంగా మందులు కొన్న కుర్రవాళ్లకు నేను వైద్యం చేశాను. అది ఆరోగ్యంగా ఎదిగే శరీరం చేసే పనేనని, దానివల్ల ఏ నష్టమూ లేదని వాళ్ల నాన్నగారు ఒక్క మాట చెబితే ఆ భయం ఉండదు. ఎటూ తేల్చుకోలేకపోతున్న మీవారికి ఈ పని అప్పగించండి. ఎదుటివారు వద్దంటే ఆగాలని, ఒకరి ఫొటోను వారి అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదని కూడా ఆయనే చెప్పాలి. పద్దెనిమిదేళ్లలోపు వారిని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఏమంటుందో తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలిసి తీరాలి.

సంతకం పెట్టే ముందు బడివారిని కొన్ని విషయాలు అడగండి. చెప్పేది శిక్షణ పొందిన ఉపాధ్యాయులేనా, లేక ఒక పూట బయటినుంచి ఎవరో వచ్చి వెళతారా? ఒక్క పూటతో ముగిసే పాఠం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. పేరు రాయకుండా ప్రశ్నలు వేయడానికి డబ్బా పెడతారా? అన్నిటికన్నా ముఖ్యంగా, పాఠం విన్న పిల్ల ఎవరైనా వచ్చి ‘నాకిలా జరిగింది’ అంటే ఏం చేస్తారు? అలాంటి విషయం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టమే చెబుతోంది. పిల్లల కోసం 1098 సహాయవాణి కూడా ఉంది. దీనికి బడివారు తడుముకుంటే, సంతకం పెట్టి పంపుతూనే తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాట లేవనెత్తండి.

ఈలోగా అమ్మాయి బడి సంచిలో ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు చిన్న సంచీలో పెట్టి ఉంచండి. ప్యాడ్ ఎలా వాడాలో, ఎన్ని గంటలకు మార్చాలో చూపించేటప్పుడు మీ అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. తన రోజుల్లో మొదటిసారి ఏం జరిగిందో, అప్పుడు తనకు ఎవరు చెప్పారో మనవరాలికి చెప్పమని ఆవిడను అడగండి.