రాజు సంతకం, మంత్రివర్గం మాట

ప్రశ్న: నేను ఒక నవల రాస్తున్నాను. కథ నేను కల్పించిన ఒక చిన్న దేశంలో జరుగుతుంది. అక్కడ వంశపారంపర్యంగా వచ్చిన రాజు ఉన్నాడు. ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు, ప్రధానమంత్రి, జాతీయ మంత్రివర్గం కూడా ఉన్నాయి. రాజు మంత్రివర్గ సమావేశానికి అధ్యక్షత వహిస్తూ, తనకు ఎదురు చెప్పిన ఆర్థికమంత్రిని అక్కడికక్కడే తొలగించినట్లు ఒక ఘట్టం రాశాను. పార్లమెంటు ఉన్న దేశంలో ఇది చెల్లదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
— ఒక రచయిత్రి, తెనాలి

జవాబు: మీ మిత్రుల మాట నిజమే. పార్లమెంటరీ రాచరికంలో మంత్రిని పదవిలో నిలబెట్టేది సభ విశ్వాసమే గాని రాజు దయ కాదు. నియామక పత్రం మీద రాజు సంతకం ఉంటుంది, ప్రమాణ స్వీకారం సాధారణంగా ఆయన సమక్షంలోనే జరుగుతుంది, ప్రభుత్వం ఆయన పేరుతోనే నడుస్తుంది. అయినా మంత్రివర్గంలో ఎవరు ఉండాలో, ఎవరు తప్పుకోవాలో నిర్ణయించేది సభలో మెజారిటీ ఉన్న ప్రధానమంత్రి. మీ ఆర్థికమంత్రిని తొలగించాలంటే ప్రధాని రాజుకు సలహా ఇవ్వాలి. అది పేరుకు సలహాయే అయినా ఆచరణలో రాజు దానికి కట్టుబడవలసిందే.

ఇక అధ్యక్షత విషయం ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంది. జర్మనీలోని హనోవర్ నుంచి వచ్చి 1714లో బ్రిటన్ సింహాసనం ఎక్కిన మొదటి జార్జి, కొన్నేళ్లకే మంత్రుల సమావేశాలకు వెళ్లడం మానుకున్నాడు. అలా ఖాళీ అయిన పెద్దరికం క్రమంగా 1721లో పగ్గాలు చేపట్టిన రాబర్ట్ వాల్పోల్ చేతికి వచ్చింది. ఆయనను తొలి ప్రధానిగా లెక్కించడానికి అదొక ప్రధాన కారణం. నేటికీ బ్రిటన్ రాజు మంత్రివర్గ సమావేశాలకు అధ్యక్షత వహించడు. వారానికోసారి ప్రధానితో ఏకాంతంగా మాట్లాడతాడు, ఆ మాటలు బయటికి రావు. నార్వేలో మాత్రం శుక్రవారాల్లో ఓస్లో రాజభవనంలో జరిగే సమావేశానికి రాజే అధ్యక్షుడు. అయితే అక్కడికి వచ్చే విషయాలన్నీ అంతకుముందే ప్రధాని, మంత్రులు కలిసి తేల్చుకున్నవే. స్వీడన్ ఇంకా దూరం వెళ్లింది. 1975 నుంచి అమలులో ఉన్న అక్కడి రాజ్యాంగం ప్రకారం ప్రధాని పేరును ప్రతిపాదించేది స్పీకరు. మంత్రులను నియమించేది ప్రధాని. ఆ నియామకాల్లో రాజు సంతకానికి చోటే లేదు.

మీ కథలో రాజు ముఖ్యపాత్ర కాబట్టి నార్వే పద్ధతి మీకు బాగా అమరుతుందని నా అభిప్రాయం. అక్కడే జరిగిన ఒక ఘట్టాన్ని మీరు తప్పక తెలుసుకోవాలి. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద దండెత్తింది. మరునాడు ఎల్వెరుమ్ పట్టణంలో జర్మన్ రాయబారి రాజు ఏడవ హాకొన్‌ను కలిసి, నార్వేలోని నాజీ అనుకూల పార్టీ నాయకుడు క్విస్లింగ్‌ను ప్రధానిగా నియమించాలని పట్టుబట్టాడు. రాజు అప్పుడే జవాబు ఇవ్వలేదు. తన ప్రభుత్వాన్ని సంప్రదించాలన్నాడు. నీబెర్గ్‌సుండ్ అనే చిన్న ఊళ్లో తన మంత్రులను కలిసి, ప్రజల విశ్వాసం గాని పార్లమెంటు విశ్వాసం గాని లేని వ్యక్తిని తాను నియమించలేనని, నిర్ణయం మాత్రం మంత్రివర్గానిదేనని, వారు ఒప్పుకోదలిస్తే తాను సింహాసనం వదులుకుంటానని చెప్పాడు. మంత్రులు ఆయన వెంటే నిలిచారు. ఈ ఘట్టంలో రాజు ఆజ్ఞాపించలేదు. తన హద్దు దాటకుండానే తన మాట బరువెంతో చూపించాడు. ఈ సంగతి ఎప్పుడు చదివినా నా మనసు కదిలిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నడిచిన కథ బెల్జియంలో ఉంది. 1990లో అక్కడి పార్లమెంటు గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతించే చట్టం చేసింది. తన మనస్సాక్షి ఒప్పుకోదంటూ రాజు బొదువాఁ సంతకం చేయలేనని ప్రధాని విల్‌ఫ్రీడ్ మార్టెన్స్‌కు లేఖ రాశాడు. ప్రజాప్రతినిధుల చట్టాన్ని ఆపడానికీ వీల్లేదు, రాజు మనస్సాక్షిని బలవంతపెట్టడానికీ వీల్లేదు. చివరికి మంత్రివర్గం రాజ్యాంగంలోని ఒక నిబంధనను ఆధారం చేసుకుని, రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించింది. రాజు అధికారాన్ని తానే వినియోగించి చట్టంపై సంతకాలు చేసింది. ఏప్రిల్ 5న పార్లమెంటు ఉభయ సభలు కలిసి రాజును తిరిగి అధికారంలో నిలిపాయి.

రాజు లేకపోయినా, ప్రభుత్వాన్ని నిలబెట్టేది సభ విశ్వాసమేనన్న ఈ సూత్రం విలువ మన తెలుగువారికి అనుభవంలో తెలిసినదే. 1984 ఆగస్టులో అప్పటి గవర్నరు రామ్‌లాల్, శాసనసభలో బలనిరూపణకు అవకాశం ఇవ్వకుండానే ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సభలో తేలవలసిన లెక్కను రాజభవన్‌లో తేల్చబోతే ఏమవుతుందో ఆ నెల రోజుల్లో జనం కళ్లారా చూశారు.

ప్రశ్న: నా దేశపు మంత్రివర్గంలో ఎంతమంది మంత్రులు ఉండాలి? వారంతా పార్లమెంటు సభ్యులే కావాలా?

జవాబు: సంఖ్య మీ ఇష్టం. కాని దానికొక నియమం పెట్టండి, ఆ నియమంలోంచే మీకు కథ దొరుకుతుంది. బెల్జియం రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గంలో పదిహేనుగురికి మించకూడదు. ప్రధానిని మినహాయిస్తే డచ్చి మాట్లాడే మంత్రులు, ఫ్రెంచి మాట్లాడే మంత్రులు సరిసమానంగా ఉండాలి. భూటాన్‌లో 2008 నాటి రాజ్యాంగం ఒకే జిల్లా నుంచి ఇద్దరికి మించి మంత్రులు ఉండరాదంటుంది. ఎవరినో మంత్రిని చేయడం కోసమే కొత్త శాఖను సృష్టించరాదని కూడా స్పష్టంగా చెబుతుంది. మన దేశంలో 91వ సవరణ తర్వాత మంత్రుల సంఖ్య దిగువ సభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. అందుకే 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది, 119 స్థానాల తెలంగాణలో 18 మంది.

సభ్యత్వం సంగతికొస్తే, బ్రిటన్‌లో మంత్రులు ఏదో ఒక సభలో ఉండడం ఆనవాయితీ. నెదర్లాండ్స్‌లో అందుకు భిన్నంగా, మంత్రి అయినవారు పార్లమెంటు సభ్యత్వం వదులుకోవాలి.

ప్రశ్న: మంత్రివర్గ నిర్ణయం ఒక మంత్రికి నచ్చకపోతే ఏం చేస్తారు?

జవాబు: తలుపులు మూసిన గదిలో ఎంతైనా వాదించవచ్చు, బయటికి వచ్చాక అందరిదీ ఒకే మాట. దీనినే సమష్టి బాధ్యత అంటారు. ఆ మాట తనది కాదనుకున్నవారు రాజీనామా చేయాలి. ఇరాక్ యుద్ధం విషయంలో బ్రిటిష్ మంత్రి రాబిన్ కుక్ 2003 మార్చి 17న అలాగే తప్పుకుని, అదే రోజు సభలో వెనుక వరుసలో నిలబడి తన కారణాలు వివరించారు. మినహాయింపులు లేకపోలేదు. 1975లో ఐరోపా ఆర్థిక సమాజంలో కొనసాగాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణ సమయంలో, ప్రధాని హెరాల్డ్ విల్సన్ తన మంత్రులు చెరో పక్షాన ప్రచారం చేసుకోవడానికి అనుమతించారు.

ఆ గదిని మీరు వర్ణించేటప్పుడు లండన్‌లోని పదో నంబరు డౌనింగ్ స్ట్రీట్ ఇంటిని ఒకసారి ఊహించుకోండి. మంత్రివర్గ సమావేశం జరిగే పొడవాటి బల్ల మధ్యలో వెడల్పుగా, రెండు కొసల దగ్గర సన్నగా, పడవ ఆకారంలో ఉంటుంది. బల్ల నడుమ కూర్చున్న ప్రధానికి అందరి ముఖాలూ కనిపించడానికే ఆ ఏర్పాటు. చుట్టూ ఉన్న కుర్చీల్లో చేతులున్నది ప్రధాని కుర్చీ ఒక్కటే. మీ ఆర్థికమంత్రిని రాజు చేత తొలగింపజేయకండి. ఆయనను అలాంటి బల్ల దగ్గర నుంచి లేవనివ్వండి, రాజీనామా లేఖను ప్రధాని ముందు పెట్టనివ్వండి, సభలో వెనుక వరుస నుంచి తన మాట తాను చెప్పుకోనివ్వండి. రాజుకు ఆ కబురు ప్రధాని నోటే అందుతుంది; అప్పుడు ఆయన ఏం అడుగుతాడన్నది మీరు రాయవలసిన ఘట్టం.