సాక్షులు గొడ్డలి అంటున్నారు, పోస్టుమార్టంలో మొద్దు ఆయుధం అని ఉంది. కేసు నిలుస్తుందా?

మీరు అడిగింది ఇది: పరకాల పక్క ఊళ్ళో గట్టు తగాదాలో ఒకాయన చనిపోయాడు, ముగ్గురు సాక్షులు గొడ్డలితో తల మీద కొట్టారంటున్నారు, డాక్టరేమో మొద్దు ఆయుధం దెబ్బ అని రాశాడు. మీరు ఏ పక్క వాళ్ళో రాయలేదు కాబట్టి రెండు పక్కలకూ పనికొచ్చేదే చెప్తాను.

మామూలుగా కళ్ళారా చూసినవాళ్ళ మాటకే బలం ఎక్కువ. వాళ్ళు చెప్పినట్టు జరగడం అసాధ్యమని వైద్య సాక్ష్యం తేల్చేస్తేనే ఆ మాట పక్కకు పోతుంది. అబ్దుల్ సయీద్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. గొడ్డలి దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. సాక్షి "గొడ్డలితో కొట్టాడు" అంటే వెనకపక్కతో కొట్టాడని కోర్టు తనంతట తాను అనుకోదు. అలా కొట్టాడన్నదే ప్రాసిక్యూషన్ వాదన అయితే ఆ మాట సాక్షితో చెప్పించాల్సిన బాధ్యత వాళ్ళదేనని హల్లు కేసులో (1974) తేలిపోయింది. కాబట్టి ముందు 180 స్టేట్‌మెంట్లు (బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 180 కింద సాక్షులు చెప్పింది పోలీసులు రాసుకున్నవి) తీసి చూడండి, ఏ పక్కతో కొట్టాడో ఎవరైనా చెప్పారా అని. ముగ్గురి స్టేట్‌మెంట్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే అవి స్టేషన్‌లో తయారైనవే అనుకుంటాను నేను.

ఇక గాయం సంగతి. తల మీద చర్మం కిందే ఎముక ఉంటుంది, అందుకని కట్టెతో కొట్టినా కత్తితో కోసినట్టు గీతలా చీలుతుంది. తేడా భూతద్దంతో తెలుస్తుంది. అంచులు కమిలి, వెంట్రుకల కుదుళ్ళు నలిగి, గాయం లోపల ఈ అంచు నుంచి ఆ అంచుకు సన్నటి పోగులు మిగిలి ఉంటే మొద్దు దెబ్బ. అంచులు శుభ్రంగా తెగి, పోగుల్లేకుండా, వెంట్రుకలు కోసుకుపోయి ఉంటే పదును. రిపోర్టులో పొడవు, వెడల్పు, లోతు తప్ప ఇవేవీ లేకపోతే డాక్టరును క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. స్వాధీనం చేసుకున్న గొడ్డలిని డాక్టరుకు చూపించి, ఈ గాయం దీనితో అవుతుందా అని ఐఓ (దర్యాప్తు అధికారి) రాతపూర్వకంగా అడిగాడా? చాలా కేసుల్లో గొడ్డలి నేరుగా ల్యాబుకు పోతుంది, డాక్టరు దాన్ని చూసేది సాక్ష్యం చెప్పే రోజునే.

ల్యాబు రిపోర్టులో ఫలితం కన్నా ముందు తేదీలు చూడాలి: స్వాధీనం ఎప్పుడు, కోర్టు ద్వారా పంపింది ఎప్పుడు, ల్యాబుకు చేరింది ఎప్పుడు, సీళ్ళు నమూనా సీలుతో సరిపోయాయా. డీఎన్ఏ నమూనాలైతే 48 గంటల్లో ల్యాబుకు చేరాలని 2025లో కట్టవెల్లై కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రక్తపు బట్టల్ని నీడన ఆరబెట్టి కాగితం కవర్లో కట్టాలి. తడిగానే పాలిథీన్‌లో కడితే బూజు పట్టి డీఎన్ఏ చెడిపోతుంది, చివరికి "మానవ రక్తం, గ్రూపు తేలలేదు" అని వస్తుంది. ఒక్క ఆ ముక్క పట్టుకుని ఎవరికీ శిక్ష వేయలేరు. మానవ రక్తమని కూడా తేలకపోతే ఇంకా కష్టం. దసరాకు యాట ఎముకలు కొట్టిన గొడ్డలి ఏ ఇంట్లో లేదు?

ఒకే ఊరోళ్ళు కాబట్టి గుర్తింపు పరేడ్‌తో పని లేదు. రాత్రి జరిగిందైతే వెలుగు గురించి గట్టిగా పట్టుకోండి. సీన్ రఫ్ స్కెచ్‌లో వీధిలైటు స్తంభం గుర్తించారా, సాక్షి నిలబడ్డ చోటు నుంచి అది ఎంత దూరం? ఆ వేళ కరెంటు ఉందో లేదో మీ ఊరి సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో దొరుకుతుంది. అది ఎన్పీడీసీఎల్ (మీ వైపు కరెంటు పంపిణీ సంస్థ) రికార్డు, కోర్టు ద్వారా తెప్పించవచ్చు.

ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేట్‌కు ఏ గంటకు అందిందో దాని మీదే రాసి ఉంటుంది. రాత్రి ఎనిమిదికి కేసు కట్టామని చెప్పి మర్నాడు మధ్యాహ్నానికి అందించి ఉంటే, మధ్యలో పెద్దమనుషులు కూర్చుని పేర్లు కలిపారన్న వాదనకు చోటిచ్చినట్టే. సర్టిఫైడ్ కాపీకి కోర్టులో ఇప్పుడే కాపీ అప్లికేషన్ పెట్టుకోండి.