సొమ్మొకరిది, సోకొకరిదా? ర్యాప్ పాటలో ఎవరి వాటా ఎంత

ప్రశ్న: అయ్యా, అమెరికాలో 1982లో వచ్చిన ‘ద మెసేజ్’ అనే ర్యాప్ పాట గురించి మా మిత్రబృందంలో పెద్ద వాదమే జరిగింది. ఆ పాట రాసినవారి పేర్లలో దాన్ని విడుదల చేసిన షుగర్‌హిల్ రికార్డ్స్ యజమానురాలు సిల్వియా రాబిన్సన్ పేరు కూడా ఉంది. పెట్టుబడి పెట్టినవారు రచయితగా పేరు వేయించుకోవడం సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత లాంటిదేనని నేను అన్నాను. ఆమె లేకపోతే ర్యాప్ అనేది రికార్డుకే ఎక్కేది కాదని మా మిత్రుడు వాదించాడు. మీరు ఎవరి పక్షం? — ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ మిత్రుడు చెప్పింది చాలావరకు నిజమే కానీ, దాన్నుంచి ఆయన తీసిన తీర్పు సరైనది కాదు. మీ తీర్పు సరైనదే కానీ, సిల్వియాను వట్టి పెట్టుబడిదారుగా లెక్కకట్టడం దగ్గర మీరు పొరబడ్డారు.

ఆమె సంగీతం తెలిసిన మనిషి. మికీ అండ్ సిల్వియా జంటలో సగంగా 1956లోనే ‘లవ్ ఈజ్ స్ట్రేంజ్’ పాటతో పేరు తెచ్చుకున్నారు. 1973లో ‘పిల్లో టాక్’ అనే పాటను తానే పాడి మళ్లీ జనం నోట నిలిచారు. భర్త జో రాబిన్సన్‌తో కలిసి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో 1979లో షుగర్‌హిల్ కంపెనీ పెట్టేనాటికి ర్యాప్ అంటే న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ పార్కుల్లోనూ, హార్లెమ్ క్లబ్బుల్లోనూ రాత్రిపూట జరిగే సందడి మాత్రమే. జనం ఇళ్లకు వెళ్లిపోతే పాటా అయిపోయేది, చేతులు మారే క్యాసెట్లు తప్ప ఏమీ మిగిలేది కాదు. హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో ఈ సందడిని చూసిన సిల్వియా, దాన్ని రికార్డు చేసి అమ్మవచ్చునని గ్రహించారు. అప్పటికే పేరున్న బృందాలను పక్కనబెట్టి ముగ్గురు కుర్రాళ్లను పోగుచేసి, ‘రాపర్స్ డిలైట్’ అనే పద్నాలుగు నిమిషాలు దాటిన పాటను ఆ ఏడాదే విడుదల చేశారు. ఇది ఆమె చెవి చేసిన పని. దీన్ని ఆమె నుంచి ఎవరూ లాక్కోలేరు.

ఇక మీరు అడిగిన పాట సంగతి. ‘ద మెసేజ్’కు మూలపురుషుడు షుగర్‌హిల్ స్టూడియోలో తాళవాద్యాలు వాయించే ఎడ్ ఫ్లెచర్. డ్యూక్ బూటీ అన్నది ఆయనకు పాటల లోకంలో ఉన్న పేరు. పల్లవీ, పాటలోని మాటల్లో ఎక్కువ భాగమూ ఆయనవే. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ బృందానికి సిల్వియా ఈ పాటను చూపించినప్పుడు వారికి అది రుచించలేదు. చిందులేయించే పాటలతో పేరు తెచ్చుకున్నవారికి పగిలిన గాజుపెంకులు, ఎలుకలు, బొద్దింకలు, అప్పులవాళ్ల ఫోన్లు నిండిన పాటతో ఏం పని? సిల్వియా మాత్రం పట్టు వదలలేదు. చివరికి ఆ బృందంలో మెలీ మెల్ ఒక్కడే ముందుకు వచ్చి ఫ్లెచర్‌తో కలిసి పాడాడు. పుట్టుక నుంచి జైలుగదిలో ఉరి దాకా ఒక కుర్రవాడి బతుకును చెప్పే ఆఖరి చరణం మెలీ మెల్‌దే. అంతకు మూడేళ్ల ముందు ఇంకో కంపెనీకి పాడిన ‘సూపర్‌ర్యాపిన్’లో తాను వాడిన పంక్తులనే ఇక్కడికి తెచ్చుకున్నాడు. మిగిలిన సభ్యుల గొంతులు వినిపించేది చివరన వీధిలో కబుర్లు చెప్పుకుంటుండగా పోలీసులు పట్టుకుపోయే చిన్న ఘట్టంలోనే. వీడియోలో ఫ్లెచర్ పాడిన భాగానికి బృందంలోని రహీమ్ పెదవులు కదిపాడు. ఇంత జరిగాక రచయితలుగా ఫ్లెచర్, మెలీ మెల్, సంగీతం కూర్చిన జిగ్స్ చేజ్, సిల్వియా, ఈ నలుగురి పేర్లూ పడ్డాయి.

నా అభిప్రాయం ఇది. ఈ పాటను ఎంచుకున్నదీ, వద్దన్నవారిని ఒప్పించబూనినదీ, ఎవరి గొంతు దేనికి నప్పుతుందో తేల్చినదీ సిల్వియాయే కనుక నిర్మాతగా ఆమెకు నిండు ఘనత ఇవ్వాలి. సినిమా భాషలో చెప్పాలంటే అది దర్శకుడి పనికి దగ్గరగా ఉంటుంది. మాటల విషయానికి వస్తే ఆ పాట ఫ్లెచర్‌దీ, మెలీ మెల్‌దీ. కంపెనీ యజమానులు, రేడియో పెద్దలు రచయితల వరుసలో తమ పేరు చేర్చుకోవడం అమెరికా రికార్డుల వ్యాపారంలో అంతకు ఎంతో ముందునుంచీ ఉన్న అలవాటు. చక్ బెర్రీ 1955లో పాడిన ‘మేబెలీన్’కు రేడియోలో పాటలు వేసే ఆలన్ ఫ్రీడ్ పేరు సహరచయితగా పడింది, ఆ పేరును తీయించుకోవడానికి బెర్రీకి దశాబ్దాలు పట్టింది. పేరు మోజు ఒక్కటే దీనికి కారణం కాదు. పాట ఎక్కడ వినిపించినా రచయితకు వచ్చే రాయల్టీ వేరు, గాయకుడికి కంపెనీ ఇచ్చే రాయల్టీ వేరు. గాయకుడి వాటా నుంచి స్టూడియో ఖర్చులూ అడ్వాన్సులూ ముందుగా కోతపడతాయి. రచయిత వాటాకు సాధారణంగా ఆ బెడద ఉండదు. కాబట్టి ఆ వరుసలో చేరిన ఒక్కొక్క పేరూ అసలు రాసినవారి కంచంలో నుంచి ఒక్కొక్క ముద్ద తీసుకున్నట్టే.

అయితే షుగర్‌హిల్ కథలో అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు మీ ప్రశ్నలో లేనే లేడు. ‘రాపర్స్ డిలైట్’ పాడిన ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పటికి పిజ్జా దుకాణంలో పనిచేస్తూ, గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ ర్యాపర్ వ్యవహారాలు చూసేవాడు. రికార్డు అవకాశం రాగానే కాజ్ నోటుపుస్తకంలోని పంక్తులను తీసుకుని పాడేశాడు. ఎంత యథాతథంగా పాడాడంటే, పాటలో ఒకచోట తన పేరు చెప్పుకోవలసిన ఘట్టం రాగానే ఒక్కొక్క అక్షరం విడదీసి ‘కాసనోవా ఫ్లై’ అని పలుకుతాడు. అది కాజ్ అప్పట్లో పెట్టుకున్న పేరు! దొంగిలించిన బిందె మీద సొంతదారు పేరు చెక్కి ఉన్నా చెరిపే తీరిక లేనట్టుంది ఈ వ్యవహారం. రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది, కాజ్‌కు మాత్రం రచయితగా పేరూ దక్కలేదు, రాయల్టీ కూడా దక్కలేదు. అదే పాటకు ఆధారమైన బాణీ షీక్ బృందం పాడిన ‘గుడ్ టైమ్స్’ది. దాని కర్తలు నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకు వెళ్తామనగానే వారి పేర్లు రచయితలుగా చేరాయి. ఇద్దరి సొత్తూ ఒకే పాటలోకి వెళ్లింది. లాయరును పెట్టుకోగలిగినవారికి పేరు వచ్చింది, నోటుపుస్తకం ఇచ్చినవాడికి రాలేదు.

ప్రశ్న: ‘ద మెసేజ్’లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ గొంతూ లేదు, మాటా లేదు, సంగీతమూ లేదని చదివాను. రికార్డు మీద మొదటి పేరు మాత్రం ఆయనదే. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చదివింది చాలావరకు నిజమే. అయినా ఈ విషయంలో అన్యాయం ఫ్లాష్ చేసినదానికన్నా ఆయనకు జరిగినదే ఎక్కువని నేను అంటాను.

ర్యాప్ పుట్టిన తొలిరోజుల్లో ప్రధాన కళాకారుడు రికార్డులు తిప్పే డీజే, ఈ బృందంలో అది ఫ్లాష్. మైకు పట్టుకున్నవారు ఆయన కోసం జనాన్ని ఉత్సాహపరచడానికి వచ్చినవారే. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి, పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే పది పదిహేను సెకన్ల భాగం ఒకదాని మీద అయిపోయేలోగా రెండోదాన్ని వెనక్కి తిప్పి, తాళం తప్పకుండా మళ్లీ మళ్లీ అందుకోవడం డీజే విద్య. ఆ భాగం ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి ఫ్లాష్ రికార్డుల మీద క్రేయాన్‌తో గుర్తులు పెట్టుకునేవాడు. ఇన్ని చుట్లు వెనక్కి తిప్పితే గుర్తు మళ్లీ సూది దగ్గరికి వస్తుందని లెక్క. ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాడు కనుక, ఒక రికార్డు మోగుతుండగానే రెండోదాన్ని చెవిలో వినే ఏర్పాటును తానే అమర్చుకున్నాడు. బృందానికి ఆయన పేరు ముందు ఉండడానికి ఇదీ కారణం.

స్టూడియోలోకి అడుగుపెట్టేసరికి కథ మారింది. షుగర్‌హిల్‌కు సొంత వాద్యబృందం ఉంది. డగ్ వింబిష్, స్కిప్ మెక్‌డొనాల్డ్, కీత్ లెబ్లాంక్ వంటివారు డీజే తిప్పే భాగాలను గిటార్లూ డ్రమ్ములతో తిరిగి వాయించేవారు. దాంతో ఏ విద్య మీద ఈ సంగీతం నిలబడిందో ఆ విద్యకు రికార్డులో చోటు లేకుండా పోయింది. ఫ్లాష్ చేతిపని పూర్తిగా వినాలంటే 1981లో వచ్చిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఆన్ ద వీల్స్ ఆఫ్ స్టీల్’ వినాలి. ఏడు నిమిషాలపాటు టర్న్‌టేబుళ్లే వాద్యాలు. ఆ ఒక్క రికార్డుతో ఆయన ఘనత ఎవరి దయ మీదా ఆధారపడనక్కర లేకుండా నిలిచింది.

కంపెనీకి మాత్రం ఆయన చేతులకన్నా ఆయన పేరే ఎక్కువ అక్కరకొచ్చింది. ‘ద మెసేజ్’ మీద ఫ్లాష్ పేరు, బృందం పేరు పెద్దగా వేసి, పాడిన ఇద్దరి పేర్లను ‘ఫీచరింగ్’ అనే మాట తరువాత చేర్చారు. రాయల్టీల విషయంలో ఆ మరుసటి ఏడాదే ఫ్లాష్ కంపెనీతో కోర్టుకెక్కి బయటికి వెళ్లిపోయాడు. అమెరికా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2007లో చోటు దక్కించుకున్న తొలి హిప్‌హాప్ బృందం ఇదే. డ్యూక్ బూటీ ఆ బృందంలో సభ్యుడు కాడు కనుక ఆ వేదిక మీద ఆయనకు చోటు లేదు. ఆయన తరువాతి కాలంలో పాఠాలు చెప్పుకుంటూ బతికి 2021లో కన్నుమూశాడు. సిల్వియాకు కూడా ఆ సంస్థ గుర్తింపు 2022లో వచ్చింది, అప్పటికి ఆమె పోయి పదకొండేళ్లు.

ప్రశ్న: కంపెనీ పెట్టినవారిలో నిజంగా సృజన చేసినవారు ఎవరూ లేరా? — ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉన్నారు, ఒకే కంపెనీలో రెండు రకాలవారూ ఉన్నారు. డెఫ్ జామ్ అనే ర్యాప్ రికార్డుల కంపెనీని 1984లో నిలబెట్టిన రసెల్ సిమన్స్, రిక్ రూబిన్‌లలో సిమన్స్ కళాకారుల వ్యవహారాలు నడపడంలో, సరుకును జనంలోకి తీసుకుపోవడంలో దిట్ట. రూబిన్ న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో ఉంటూ డ్రమ్ మెషిన్ మీద తాళాలు కట్టేవాడు. ఆ గది చిరునామాకు వచ్చిపడిన క్యాసెట్ల గుట్టలోనే పదహారేళ్ల ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జే క్యాసెట్ దొరికింది. అయితే దాన్ని విని పైకి తీసింది రూబిన్ కాదు, బీస్టీ బాయ్స్ అనే ర్యాప్ బృందంలోని కుర్రవాడు ఆడ్‌రాక్. గుర్తించిన ఘనతలోనూ ఇలా వాటాలుంటాయి.

ఎల్ఎల్ కూల్ జే పొడవాటి పద్యాలను కోసి, పల్లవీ చరణమూ ఉన్న పాటలుగా మలచడం రూబిన్ పని. 1985 నాటి ‘రేడియో’ ఆల్బమ్ మీద ఆయన తనను తాను నిర్మాతగా చెప్పుకోకుండా ‘రిడ్యూస్డ్ బై రిక్ రూబిన్’ అని వేసుకున్నాడు. అంటే తగ్గించినవాడు అని. ఈ ఒక్క మాటలో ఉన్న నిజాయితీ నాకు ఇష్టం. తాను ఏం చేశాడో అదే చెప్పాడు, చేయని రచనను చేశానని చెప్పలేదు.

ప్రశ్న: సొంతంగా ఒక్క పంక్తీ రాయనివాణ్ణి ర్యాపర్ అనవచ్చా? ఎవరో రాసింది పాడే మన నేపథ్య గాయకులను ఎవరూ తప్పుపట్టరు కదా! — ఒక పాఠకుడు, డాలస్

జవాబు: నేపథ్య గాయకుడు ‘ఇది నా బతుకు’ అని చెప్పడు, తెర మీద గీత రచయిత పేరు వేరుగా పడుతుంది. ర్యాపర్ ‘నేను’ అన్నప్పుడు ఆ నేను అతడేనని శ్రోత నమ్ముతాడు. చిక్కంతా ఆ ఒప్పందం దగ్గర ఉంది. పైగా మన దేశంలో 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ తరువాత సినిమా పాటల రచయితా స్వరకర్తా తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేసినా ఆ రాత చెల్లదు. అమెరికాలో అటువంటి అడ్డుకట్ట లేదు. సాధారణంగా కాగితం మీద సంతకం ఏం చెబితే అదే.

కంపెనీ యజమాని, గాయకుడు ఒకరే అయిన ఈజీ-ఈ ఉదాహరణ చూడండి. లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌లో రూత్‌లెస్ రికార్డ్స్ పెట్టిన ఆయన 1987లో ‘బాయ్జ్ ఇన్ ద హుడ్’ పాటను న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక బృందం చేత పాడించబోయాడు. మాటలు రాసింది కుర్రవాడైన ఐస్ క్యూబ్. ఇది మా ఊరి పాట కాదని ఆ బృందం స్టూడియో నుంచి వెళ్లిపోయింది. అప్పటిదాకా ర్యాప్ చేసిన అలవాటే లేని ఈజీని సంగీత నిర్మాత డాక్టర్ డ్రే మైకు ముందు నిలబెట్టి, ఒక్కొక్క పంక్తి పలికించి, బాగా వచ్చినదాన్ని ఉంచుతూ పాటను పూర్తిచేశాడు. ఆ సన్నని, కీచుమనే, ఎవరినీ లెక్కచేయని గొంతు లేకుండా ఆ పాటను ఊహించుకోండి. ఆ గొంతుకు ఘనత ఇవ్వాల్సిందే, కాబట్టి ఆయనను ర్యాపర్ అనడానికి నాకు అభ్యంతరం లేదు. మాటల ఘనత మాత్రం ఐస్ క్యూబ్‌ది, దానికి తగిన డబ్బూ ఆయనకే చెందాలి. ఆ డబ్బు లెక్క తేలకనే ఆయన 1989 చివరలో ఈజీ, డ్రేలతో కలిసి ఉన్న ఎన్‌డబ్ల్యూఏ బృందాన్ని వదిలి న్యూయార్క్ వెళ్లి, మరుసటి ఏడాది తన మాటలను తన గొంతుతోనే, తన పేరు మీదనే విడుదల చేసుకున్నాడు.