సూక్తి చదివిన రోజు వేరు, అది పనికొచ్చిన రోజు వేరు

ప్రతి ఉదయం స్ఫూర్తినిచ్చే సూక్తులు చదువుతున్నానని, చదివినంతసేపు ఉండే ఉత్సాహం మధ్యాహ్నానికే ఆవిరైపోతున్నదని, అసలు వీటివల్ల నిత్యజీవితంలో ఎవరికైనా మేలు జరిగిందా అని మీరు అడిగారు. నాకు జరిగింది. అయితే ఉదయం పూట చదివినవాటివల్ల కాదు.

మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయను ఆనుకొని ఉన్న ఒక లంక గ్రామం. అరటి తోటే మాకు ఆధారం. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయిన రోజుల్లో, గెలలు వేసి ఉన్న మా ఎకరంన్నర కర్పూర అరటి మొత్తం మునిగిపోయింది. వేళ్లకు రోజుల తరబడి గాలి ఆడకపోతే అరటి దుంప కుళ్లిపోతుంది. వరద తీసిన తరువాత తోటలో అడుగుపెడితే మోకాలి లోతు ఒండ్రు, ముక్కు మూసుకోవలసిన కుళ్లు వాసన, చేయి వేస్తే చాలు ఒరిగిపోయే చెట్లు.

ఆ వారంలో నా ఫోనుకు వచ్చిన సూక్తులకు లెక్కలేదు. చీకటి వెనుక వెలుగుంటుందని ఒకరు, పడినవాడే లేస్తాడని మరొకరు. పంపినవారందరూ నా మేలు కోరినవారేనని తెలిసినా, అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి కళ్లముందు కుళ్లుతుంటే ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు చిరాకే కలిగింది. ఇద్దరు ముగ్గురికి దురుసుగా బదులిచ్చాను కూడా. అది నా తప్పే.

అప్పుడు మా పక్క చేను ఆయన, నాకు వరుసకు బాబాయి, డెబ్బై దాటిన మనిషి, పలుగు భుజాన వేసుకొని వచ్చారు. గట్టు వెంబడి కాస్త మెరకన ప్రాణంతో మిగిలిన పిలకలను తవ్వి, మట్టి దులిపి, వేళ్లు చెక్కి, ఒక్కొక్కటిగా గోనె సంచి మీద పేరుస్తూ, నావైపు చూడకుండానే, "ఊపిరుంటే ఉప్పమ్ముకొని బతకొచ్చురా అబ్బాయి, ముందు ఆ సంచి ఇలా లాగు" అన్నారు. ఆ సామెత చిన్నప్పటి నుంచి వందసార్లు విని ఉంటాను. కానీ ఆ రోజు అన్నవారు 1986 వరదలో ఇల్లు, 1996 నవంబరు తుపానులో కొబ్బరి తోట పోగొట్టుకొని, కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టే కొబ్బరి మొక్కలను మళ్లీ నాటి పెంచినవారు. పైగా ఆయన మాట సగం సామెత, సగం పని. నేను సంచి లాగాను. సాయంత్రానికి నలభై పిలకలు తేలాయి.

మీ ఉత్సాహం మధ్యాహ్నానికే చల్లారడానికి కారణం కూడా ఇదేనని నేననుకుంటున్నాను: మీరు చదివే వాక్యానికి మీ ఆ రోజు పనితో ముడి పడటం లేదు.

బడిలో పద్యాలు కంఠస్థం చేసిన వారందరికీ ఇది అనుభవమే. పెద్దాపురం సంస్థానానికి చెందిన ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి శ్లోకాలను తెనిగించిన వాటిలో "ఆరంభింపరు నీచమానవులు" అనే పద్యాన్ని పరీక్షలో తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. విఘ్నాలకు భయపడి అసలు మొదలుపెట్టనివారు అధములు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవారు మధ్యములు, ఎన్ని అడ్డంకులు వచ్చినా విడవనివారు ధీరులు అని దాని భావం. దూరవిద్యలో డిగ్రీకి రెండుసార్లు రుసుము కట్టి రెండుసార్లూ రెండో ఏడాదిలోనే మానేసిన తరువాత గాని, "పరిత్యజింతురు" అన్న మాట ఎవరిని ఉద్దేశించిందో నాకు బోధపడలేదు. మూడోసారి పూర్తి చేశాను, అత్తెసరు మార్కులతోనే అనుకోండి.

ఇంకొక మాట. ఇష్టపడిన సూక్తికి మూలం ఎక్కడుందో ఒకసారి వెతకండి, ఎందుకంటే ఫోనులో తిరిగేవాటిలో ఎవరి మాట ఎవరి పేరున చలామణి అవుతుందో చెప్పలేము. లేవండి, మేల్కొనండి, గమ్యం చేరేవరకు ఆగకండి అన్న వివేకానందుల పిలుపు మనందరికీ తెలుసు. దానికి ఆధారమైన కఠోపనిషత్తు వాక్యంలో "ప్రాప్య వరాన్ నిబోధత" అని ఉంది. అంటే ఉత్తములైన పెద్దలను చేరి తెలుసుకోండి అని. ఆగకపోవడం కంటే అడిగి తెలుసుకోవడమే అప్పట్లో నాకు అవసరం. అందుకే గోదావరి అవతలి ఒడ్డున కొవ్వూరులో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లి అడిగాను. వెడల్పాటి ఆకుల నీటి పిలకలు పనికిరావని, సన్నటి ఆకుల సూది పిలకలే, అవి కూడా తెగులు లేని తోట నుంచి తెచ్చి నాటాలని చెప్పారు. మేము దాచిన నలభైలో సగానికి పైగా ఆ లెక్కన పారవేయవలసి వచ్చింది. బాబాయి మాట నన్ను లేపింది గాని, పిలకలను ఎంచి పెట్టలేదు.

పైగా మన సామెతల్లో ఒకదానికి ఎదురుగా మరొకటి సిద్ధంగా ఉంటుంది. నిదానమే ప్రధానమంటాము, ఆలస్యం అమృతం విషమనీ అంటాము. ఆ ఏడు నాకు రెండూ అవసరమయ్యాయి: పంట నష్టం నమోదు చేయించే పనికి రెండోది, మళ్లీ నాటడానికి మొదటిది. వరద తీసింది కదా అని ఆగస్టులోనే నాటేద్దామని నేను తొందరపడితే, గోదావరికి ఇంకా నీరు వచ్చే కాలమేనని ఇంట్లో ఆపారు. ఏ పనికి ఏ మాట వర్తిస్తుందో సూక్తి చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

అందువల్ల నేను ఇప్పుడు పాటించే పద్ధతి చెబుతాను. కూలీలు, ఎరువులు, గెలల ధరలు రాసుకునే లెక్కల పుస్తకం చివరి పేజీలో, ఏదైనా మాట నిజంగా ఒక పని చేయించిన రోజున మాత్రమే దాన్ని, తేదీని, ఆ పనిని కలిపి రాస్తాను. మూడేళ్లలో పదకొండు మాటలు చేరాయి, వాటిలో రెండు నచ్చక కొట్టేశాను. మొదటి వరుసలో ఉన్నది బాబాయి మాట. ఆ సంగతి ఆయనకు చెప్పి పేజీ చూపిస్తే, కళ్లజోడు సవరించుకొని చదివి, పక్కన ఉప్పు ధర కూడా రాసుకున్నావా అని అడిగారు.