కొత్త స్టీరియో వచ్చాక బ్యాటరీ దిగిపోతోంది

ప్రశ్న: కొత్త స్టీరియో బిగించాక కారును రెండు రోజులు కదపకపోతే స్టార్ట్ కావడం లేదు. తాళం తీసేసినా స్టీరియో పాడుతూనే ఉంటుంది. బ్యాటరీ మార్చాలా?

జవాబు: తొందరపడకండి, మీ రెండో వాక్యంలోనే గుట్టంతా ఉంది. సాధారణంగా స్టీరియో పసుపు తీగకు ఎల్లవేళలా 12 వోల్టులు అందాలి, ఎర్ర తీగకు తాళం తిప్పినప్పుడే అందాలి. పని త్వరగా ముగించడానికి రెండింటినీ కలిపి చుట్టేస్తే స్టీరియోకు నిద్రే ఉండదు, నీలం తీగ ద్వారా మేలుకొనే ఆంప్లిఫయర్ ఉంటే అదీ ఆగదు. ఎర్ర తీగను విడదీసి, తాళం తీయగానే కరెంటు ఆగే, ఫ్యూజు ఉన్న సర్క్యూట్‌కు కలిపించండి.

ఆ తర్వాత తలుపులు మూసి, కారును అరగంట వదిలి, బ్యాటరీ నెగటివ్ కేబుల్‌కు వరుసలో (అంటే కేబుల్ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య) కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడండి (అప్పుడు మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి). కారు లాగే కరెంటు సుమారు 50 మిల్లీఆంపియర్ల లోపుంటే చింత లేదు.