అల్లుడూ, చక్రం లేపే ముందు

చిరంజీవి అల్లుడికి, జయపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

పాత మహీంద్రా థార్ జీపు కొన్నావనీ, వెనక డిఫరెన్షియల్‌లో లాకింగ్ ఉందో లేదో నువ్వే తేల్చుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీకు తెలిసిందే, మలుపులో రెండు వెనక చక్రాలనూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్; లాకింగ్ ఉంటే ఒకటి జారినా రెండూ కలిసి తిరుగుతాయి. మన ఇంట్లో కుర్రవాళ్లు స్పానర్ పట్టి ఎంత కాలమైందో! పొంగిపోయాను. ఆ వెంటనే అక్క ఇంకో మాట అంది: ఒక చక్రం జాకీతో లేపి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేసి చూస్తావట. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే సగం విని "సరే మామయ్యా" అనేస్తావు, అందుకే ఉత్తరం.

కాగితాలు, ఛాసిస్ నంబరు ఎలాగూ చూసుకుంటావు. 2015లో థార్‌ను మార్చినప్పుడు సీఆర్‌డీఈ అనే డీజిల్ రకం బండికి ఈటన్ కంపెనీ వాళ్ల మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చింది. నీది ఆ తర్వాతి సీఆర్‌డీఈ అయితే ఉండాలి. కానీ మన కొండల్లో ఇరుసులు మారిన బండ్లు బోలెడు. పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చి బిగించిన ఇరుసు సంగతి ఆర్‌సీ పుస్తకంలో రాసి ఉండదు.

నీ స్నేహితుడు వెనక రెండు చక్రాలూ లేపి, ఒకదాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు తిరిగిందని, కాబట్టి లాకింగ్ లేదని తేల్చేశాడట. తొందరపడ్డాడు. ఆ పరీక్ష, ప్లేట్ల రాపిడితో రెండు చక్రాలనూ కలిపి పట్టే క్లచ్ ప్లేట్ల రకానికి పనికొస్తుంది. అందులో స్ప్రింగులు ప్లేట్లను ఎప్పుడూ నొక్కి ఉంచుతాయి కాబట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంటే రెండు చక్రాలూ ఒకే వైపు తిరుగుతాయి. ప్లేట్లు అరిగిపోతే అదీ మామూలు డిఫరెన్షియల్ లాగే ఎదురు తిప్పుతుంది. పళ్ల చక్రాలతోనే పనిచేసే టోర్సెన్ రకం బరువు పడనిదే పట్టదు, గాలిలో చాలావరకు మామూలుదానిలాగే ఉంటుంది. ఈటన్‌ది ఇంకో దారి. రెండు చక్రాల వేగానికి మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తేనే లోపలి గవర్నర్ బరువులు విచ్చుకుని లాక్ పడుతుంది. బండి గంటకు సుమారు 30 కిలోమీటర్లు దాటితే అసలు పడదు. మెల్లగా తిప్పిన చేతికి అది ఎలా దొరుకుతుంది? గేరులో ఉంచి ఒక చక్రాన్ని ఒక్కసారిగా విసిరి తిప్పితే, అదృష్టం బాగుంటే టక్కున పట్టేస్తుంది. పట్టకపోయినా లేదని రాసిపెట్టుకోకు, చేతికి అంత వేగం రాకపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పని నేర్చుకున్న షెడ్డులో మా మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. డిఫరెన్షియల్ కూస్తోందంటే ఒక వెనక చక్రం జాకీతో లేపి, ఇంజన్ వేసి, ఫస్టు గేరులో పెట్టి, డిఫరెన్షియల్ ఉండే ఇనప డొప్పకు, అంటే హౌసింగ్‌కు, చెవి ఆనించి వినేవాడు. మామూలు డిఫరెన్షియల్‌లో లేపిన చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీది చక్రానికి బండిని కదిపేంత బలం అందదు. ఏళ్ల తరబడి జీపులన్నిటికీ అలాగే చేశాడు, ఏమీ కాలేదు. ఒక వానాకాలం విశాఖ వైపు నుంచి ఘాట్ ఎక్కి ఒక విదేశీ బండి వచ్చింది. దాని హౌసింగ్ మీద ప్రత్యేక ఆయిలే పోయాలని ఇంగ్లీషులో చిన్న చీటీ అంటించి ఉంది. మేము దాన్ని మట్టి కింద వదిలేశాం, ఎవరు చదువుతారు? లోపల ఉన్నది ప్లేట్ల రకమని చెప్పే గుర్తు అదే. మేస్త్రీ కింద పడుకున్నాడు, లోపల కూర్చున్న కుర్రాడు క్లచ్ వదిలాడు. లోపల ప్లేట్లు పట్టి ఉన్నాయి కాబట్టి నేల మీది చక్రానికీ బలం అందింది. బండి జాకీ మీద నుంచి ముందుకు దూకి, ఆయిల్ పీపాలను తోసుకుంటూ రేకు గోడలో ఆగింది. ఇంజన్ ఆగిపోయాక కూడా జాకీ పిడి ఊగుతూనే ఉంది. మేస్త్రీ మీద ఇరుసు పడలేదు, పక్కకు దొర్లాడు. కానీ కుడి చేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. తర్వాత కూడా ఆయన పనిచేశాడు, నట్టు బిగించమని మాత్రం మమ్మల్ని పిలిచేవాడు. ఆయన గట్టివాడు, నోటికి ఏం వస్తే అది తిట్టేవాడు. ఆ రోజు ఎవరినీ ఒక్క మాట అనలేదు.

నువ్వు ఇంజనీరింగ్ చదివావు, నీకు ఇదంతా పుస్తకంలో తెలిసే ఉంటుంది. అయినా చెబుతున్నా: ఒక చక్రం గాలిలో ఉండగా ఇంజన్ ముట్టుకోవద్దు. రెండూ లేపినా వద్దు. వెనక చక్రాలు పైన ఉంటే హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే, అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. అందుకని ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డుపెట్టు. నువ్వు కింద దూరేటప్పుడు బండి జాకీ మీద ఉండకూడదు, స్టాండ్ల మీద ఉండాలి. కొరాపుట్‌లో మీ వీధి ఎంత వాలుగా ఉంటుందో నాకు తెలుసు. పెట్రోల్ బంకు వెనక సిమెంటు గచ్చు అడుగు, ఇస్తారు.

నిజం కావాలంటే మూత తియ్యడమే. వెనక మూత ఉన్న హౌసింగ్ అయితే 90 నంబరు గేరు ఆయిల్ దించి, మూత తీసి, టార్చి వేసి చూడు. లోపల తిరిగే గేర్ల గూడుకున్న కిటికీలో బలమైన స్ప్రింగులు కనిపిస్తే క్లచ్ ప్లేట్లది. చిన్న బరువులున్న గవర్నర్ ఒక పక్కన కనిపిస్తే ఈటన్‌ది. రెండు పక్క గేర్లు, రెండు చిన్న గేర్లు, మధ్యలో కడ్డీ తప్ప ఏమీ లేకపోతే నిన్ను మోసం చేశారు. ఫొటో తీసి పంపించు, నేను చెబుతా. క్లచ్ ప్లేట్లదైతే ఆయిల్‌లో ప్లేట్లు మెత్తగా జారేలా చేసే మందు కలపాలి, లేకపోతే మలుపులో వెనక నుంచి కటకట వినిపిస్తుంది. ఈటన్‌దైతే మందు జోలికి పోకు.

దేవమాలి కొండ ఎక్కడానికి కొన్నావని విన్నాను. వానలు తగ్గాక వెళ్లు, లాకింగ్ ఉంటే మాత్రం బురద మనల్ని చూసి భయపడుతుందా? స్టాండ్లు కొనవద్దు. నా దగ్గర రెండు ఉన్నాయి, పాత ఉక్కువి, బరువు. ఈ శనివారం కొరాపుట్ బస్సులో వేయిస్తాను. కండక్టరుకు నీ ఫోను నంబరు ఇస్తాను, దిగేచోట నువ్వే వచ్చి తీసుకో. అవి అందేవరకు చక్రం నేల మీదే ఉండనీ.

మీ మామయ్య